ఆ గదిలో చెప్పిన మాట ఎవరిది?

పదిహేనేళ్ల పిల్లవాడు డాక్టరు ఎదుట ఒక్కడే కూర్చుని పది నిమిషాలు ఏదో చెప్పుకున్నాడు. బయట బెంచీ మీద తల్లి కూర్చుని ఉంది. వాణ్ణి కన్నది ఆమె, పెంచింది ఆమె. ఇవాళ పని మానుకుని తీసుకువచ్చిందీ ఆమే. మందుల డబ్బు ఆమె కొంగున ఉంది. వాడు బయటికి రాగానే "ఏం చెప్పావురా?" అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు పొందే హక్కు ఆమెకు ఉందా? ఉంటే, చెప్పకుండా ఊరుకునే హక్కు వాడికి లేనట్టేనా?

చూడటానికి ఇది చిన్న ప్రశ్న. కాని ఎదిగే పిల్లల మనోవైద్యంలో మందు పేరుకంటే ముందు తేలవలసినది ఇదేనని నా నమ్మకం.

నేను డాక్టరును కాను. బరంపురం లంజిపల్లిలో ఉంటున్న తెలుగువాణ్ణి. చాలా ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పాను. ఒడియా ధారాళంగా వచ్చు కాబట్టి, ఆ భాష అంతగా రాని తల్లిదండ్రులకు తోడుగా అప్పుడప్పుడు ఆసుపత్రికి వెళ్తూ ఉంటాను. జ్వరాలకూ పచ్చకామెర్లకూ వెళ్లినప్పుడు నాకు ఏ సందేహమూ రాలేదు. పిల్లల మనసు బాగాలేక వెళ్లినప్పుడు వచ్చింది. జ్వరం గురించి ఎవరు చెప్పినా జ్వరమే. మనసు గురించి ఎవరు చెబుతున్నారు, ఎవరి ముందు చెబుతున్నారు అన్నదాన్నిబట్టి మాటే మారిపోతుంది.

మా ఊళ్లో ఆసుపత్రి ఓపీని "ఔట్‌డోర్" అంటారు. 1962లో ఏర్పడిన మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాలను అందరూ క్లుప్తంగా "మెడికల్" అంటారు. "మెడికల్ ఔట్‌డోర్‌కు వెళ్లాం" అంటే బంధువులకు అర్థమైపోతుంది. ఏ విభాగానికి వెళ్లారన్నది మాత్రం ఎవరూ చెప్పరు. గుండెకూ కంటికీ వెళ్తే చెబుతారు. మనోవైద్యానికి వెళ్తే "తలనొప్పి" అంటారు.

అక్కడికి వెళ్లవలసిన పిల్లలు అరుదేమీ కాదు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉందని లెక్కకట్టింది. నలభైమంది ఉన్న తరగతిలో సుమారు ముగ్గురన్నమాట. బడిపంతులుగా నాకు ఆ ముగ్గురూ తెలుసు, పేర్లతో కాదు, కూర్చునే చోట్లతో. ఒకడు కిటికీ పక్క. ఒకమ్మాయి గోడ పక్క. ఒకడు నెలలో సగం రోజులు రాడు. వీళ్లలో చాలామందిని ఆసుపత్రిలో చేర్చనక్కరలేదు. ఔట్‌డోర్‌కు వచ్చి, మాట్లాడి, అవసరమైతే మందు తీసుకుని, రెండు మూడు వారాలకోసారి మళ్లీ కనబడితే చాలు.

ఆ రెండు మూడు వారాలూ పిల్లవాడు ఎక్కడుంటాడు? ఇంట్లో. డాక్టరు చూసేది పది నిమిషాలు, పోనీ అరగంట. మిగతా కాలమంతా ఇల్లే వార్డు. తల్లే నర్సు. ఔట్‌డోర్ వైద్యమంటే సగం వైద్యాన్ని ఇంటికి అప్పగించడం. మన దేశంలో మనోవైద్యం ఈ సంగతి చాలాకాలం క్రితమే గుర్తించింది. 1950లలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల కుటుంబాలను పిలిపించి, ఆవరణలో డేరాలు వేయించి, రోగితోపాటు ఉండనిచ్చారు. అప్పటిదాకా ఇంటివాళ్లు రోగిని వదిలేసి వెళ్లే చోటు అది. ఆ డేరాలతో ఇంటివాళ్లు వైద్యంలో భాగమయ్యారు.

ఇక్కడే చిక్కు. ఇల్లు వైద్యంలో భాగమైతే ఇంటికి అన్నీ తెలియాలి కదా అంటుంది తల్లి. ఆమె వాదన తేలిగ్గా తీసెయ్యదగినది కాదు. దాన్ని ఆమె తరఫున నేనే చెబుతాను. రాత్రి రెండింటికి వాడు లేచి తిరుగుతుంటే చూసేది నేను. అన్నం పళ్లెం తోసేస్తే తీసేది నేను. రేపు వాడికేమైనా అయితే ఊరు అడిగేది నన్ను, డాక్టర్ని కాదు. కారణం తెలియకుండా కాపలా కాయమంటే ఎలా కాయను? గంజాం జిల్లాలో భర్తలు సూరత్ మగ్గాల్లో పనిచేస్తుంటే ఇక్కడ ఒంటరిగా పిల్లల్ని సాకే తల్లులు వేలమంది. రాత్రి ఫోనులో ఆయన అడిగే మొదటి ప్రశ్న, "వాడేం చెప్పాడట?" తెలియదంటే "తల్లివి, నీకే తెలియదా?" అంటాడు. ఆమె అడిగేది కుతూహలంకొద్దీ కాదు, భయంకొద్దీ.

ఇప్పుడు పిల్లవాడి వైపు చూద్దాం. వాడికి చెప్పుకోవాలని ఉంది. ఎవరికి చెప్పుకున్నా అది వంటింట్లోకి, అక్కడినుంచి మేనత్త ఇంటికి, అక్కడినుంచి పెళ్లిపందిట్లోకి చేరుతుందని వాడికి తెలుసు. బరంపురంలో తెలుగువాళ్లం తక్కువమందిమి కాము, అలాగని ఒకరికొకరు తెలియనంత ఎక్కువమందిమీ కాము. 1936 ఏప్రిల్ 1న ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒడిశాలో కలిసినప్పటినుంచీ మనం ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డాం. ఆ పట్టు మనకు బలం. ఊపిరాడని పిల్లవాడికి మాత్రం అది బిగుతు. ఒకింటి అబ్బాయి ఫలానా డాక్టరు దగ్గరికి వెళ్లాడన్న మాట వాళ్ల అక్క సంబంధాన్ని చెడగొట్టగలదు. ఆ సంగతి తెలిసిన పిల్లవాడు డాక్టరుతో కూడా "నిద్ర పట్టడం లేదు" అని మాత్రమే చెప్పి ఊరుకుంటాడు. డాక్టరు నిద్రకు మందిస్తాడు. నిద్ర ఎందుకు పోయిందో అలాగే ఉండిపోతుంది.

కాబట్టి గోప్యత అనేది వైద్యానికి తొడిగే అలంకారం కాదు. కుండకు చిల్లు పడితే ఎంత మంచి కషాయమైనా నిలవదు. మనోవైద్యంలో మందు సగం, మాట సగం. ఆ మాట నిలిచే పాత్ర గోప్యత.

"ఇదంతా పడమటి దేశాల పద్ధతి, మన ఇళ్లలో దాపరికాలేమిటి?" అనే పెద్దలున్నారు. వాళ్లకు రెండు సంగతులు గుర్తుచేస్తాను. వైద్యవిద్యలోకి వచ్చే శిష్యుడికి చరకసంహిత విమానస్థానంలో చేసే ఉపదేశంలో, రోగి ఇంట చూసినదీ విన్నదీ బయట పెట్టకూడదన్న నియమం ఉంది. అది మన పుస్తకమే. రెండోది పుస్తకంలోది కాదు, మన వీధిలోది. రెండేళ్లకోసారి బూఢీ ఠాకురాణి యాత్రలో మొక్కున్నవాళ్లు రకరకాల వేషాలు కట్టి వీధుల్లో తిరుగుతారు. పులివేషం కట్టినవాణ్ణి ఆపి "నీ మొక్కు దేనికి?" అని ఎవరైనా అడుగుతారా? అడగరు. జబ్బు కోసమో, బిడ్డ కోసమో, చెప్పుకోలేని మరి దేనికోసమో. అది వాడికీ తల్లికీ మధ్య మాట. దారి ఇచ్చి దండం పెడతాం. అమ్మవారికి చెప్పుకున్న మాటకు మనం ఇచ్చే మర్యాద, డాక్టరుకు చెప్పుకున్న మాటకు ఇవ్వలేమా?

నిజానికి మనకు గుట్టు తెలియక కాదు. ఇంటి గుట్టు లంకకు చేటని చిన్నప్పటినుంచీ వింటూ పెరిగాం. మన లెక్కలో గుట్టు ఇంటిది. ఇంట్లో ఉన్న పిల్లవాడికి విడిగా ఒక గుట్టు ఉండవచ్చునని మాత్రం మనమెప్పుడూ అనుకోలేదు. వాడి పెట్టె మనం తెరవవచ్చు, వాడి ఉత్తరం మనం చదవవచ్చు, వాడి ఫోను మనం చూడవచ్చు. మరి పద్దెనిమిది నిండిన తెల్లారి నుంచి వాడు గంభీరమైన మనిషిగా, తన మాటకు తానే యజమానిగా ఎలా మారిపోతాడు? అది పుట్టినరోజు నాటి రాత్రి జరిగే వింత కాదు. బ్రిటన్‌లో 1985లో గిల్లిక్ కేసులో హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది ఇదే. పదహారేళ్లు నిండకపోయినా, తనకు జరిగే వైద్యాన్ని అర్థం చేసుకునే తెలివి ఉన్న బిడ్డ దానికి తానే ఒప్పుకోవచ్చు, బిడ్డకు అవగాహన పెరిగేకొద్దీ తల్లిదండ్రుల అధికారం తగ్గుతుంది. మన చట్టం అంతదూరం వెళ్లలేదు. పద్దెనిమిదే గీత. కాని గీత చట్టానిది, ఎదుగుదల మాత్రం రోజురోజూ జరిగేది.

అలాగని తల్లిని బెంచీ మీద చీకట్లో కూర్చోబెట్టమని నేననను. ఆమెకు తెలియవలసినది ఉంది. అయితే ఏమిటది? నా ఆలోచన ఇక్కడ ఒక విభజన దగ్గర ఆగింది. వాడు ఏం చెప్పాడన్నది ఒకటి. ఇంట్లో మనం ఏం చెయ్యాలన్నది వేరొకటి. మొదటిది వార్త. రెండోది పని. ఇల్లు వార్డు అయినందుకు తల్లికి కావలసినది పని. వార్త కాదు.

ఒక ఉదాహరణ. కుంగుబాటుకు ఇచ్చే మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. పిల్లల్లో, కుర్రవయసువాళ్లలో కొందరికి ఈ మందుల వల్ల చనిపోవాలన్న ఆలోచనలు పెరగవచ్చని 2004లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మందుల సమాచార పత్రాల్లో హెచ్చరిక వేయించింది. మొదలుపెట్టిన తొలి వారాల్లో, మోతాదు మార్చినప్పుడు కనిపెట్టి ఉండాలన్నది దాని సారం. దీని అర్థం మందు వద్దని కాదు, ఆ వారాల్లో చూపు తప్పకూడదని. ఈ సంగతి తల్లికి తప్పక చెప్పాలి. మందు పేరేమిటి, ఎప్పుడు వెయ్యాలి, మనకు మనమే ఎందుకు ఆపకూడదు, ఏ మార్పు కనిపిస్తే ఆ రోజే రావాలి, ఇంట్లో పురుగుమందు, మాత్రల డబ్బాలు తాళంలో ఎందుకు పెట్టాలి, ఇవన్నీ ఆమెకు తెలియాలి. వీటిలో ఒక్కదానికైనా వాడు ఏ అమ్మాయి గురించి ఏడ్చాడో, ఏ మాస్టారు కొట్టాడని చెప్పాడో, తండ్రి గురించి ఏమన్నాడో తెలియవలసిన అవసరం ఉందా?

2017లో పార్లమెంటు చేసి 2018 మే నుంచి అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చదివితే ఈ విభజనకు కొంత బలం దొరుకుతుంది. పద్దెనిమిది నిండనివారికి సంరక్షకులే ప్రతినిధులని అది చెబుతుంది. జబ్బేమిటో, చికిత్స ఏమిటో తెలుసుకునే హక్కు వాళ్లకు ఇస్తుంది. అదే చట్టం గోప్యతను రోగి హక్కుగా చెప్పి, ప్రతినిధికి సమాచారం ఇచ్చేది అతడు తన బాధ్యతలు నెరవేర్చడానికి అంటుంది. సమాచారం అధికారం కోసం కాదు, బాధ్యత కోసం. అక్కడ నాకు చట్టం తల్లి మనసుకు దగ్గరగా వచ్చినట్టే అనిపించింది.

గుట్టుకు హద్దు లేదా? ఉంది. ప్రాణానికి ముప్పు ఉందని తెలిసినప్పుడు డాక్టరు చెప్పవచ్చు, చెప్పాలి కూడా. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఎవరికైనా ఫిర్యాదు చెయ్యవలసిన బాధ్యత ఉంది. ఆ కీడు ఇంట్లోవాళ్లవల్లే జరుగుతున్నప్పుడు "ఇంట్లో చెప్పడం" అన్న మాటే తలకిందులవుతుంది. ఈ హద్దుల్ని మొదటి రోజే పిల్లవాడికి చెప్పడం న్యాయం. "నువ్వు చెప్పినవి నా దగ్గరే ఉంటాయి. నీ ప్రాణానికో మరొకరి ప్రాణానికో ముప్పు ఉందనిపిస్తే మాత్రం అమ్మకు చెబుతాను. చెప్పేముందు నీకు చెబుతాను." ఇంత మాటకు అర నిమిషం చాలు. ఏ ఊరి ఔట్‌డోర్ అయినా రద్దీగానే ఉంటుంది, తలుపు సరిగా మూసుకోదు, వెనక వరసవాళ్లు తొంగి చూస్తారు. డాక్టరు అడగకపోతే మనమే అడగాలి, "రెండు నిమిషాలు వాడితో విడిగా మాట్లాడండి, మేం బయట ఉంటాం" అని. తల్లి నోట ఆ మాట వచ్చిన రోజున పిల్లవాడికి సగం బరువు దిగుతుంది.

ఇక మనకు, అంటే గీతకు ఇవతల ఉండిపోయిన తెలుగువాళ్లకు, ప్రత్యేకంగా ఉన్న చిక్కు చెబుతాను. మన ఇళ్లలో తల్లికి తెలుగు బాగా వచ్చు, ఒడియా బజారుకు సరిపడా వచ్చు. పిల్లవాడు బళ్లో ఒడియా, ఇంగ్లీషు చదువుకున్నాడు. తెలుగు మాట్లాడతాడు, చాలామందికి రాయడం రాదు. డాక్టరు ఒడియాలో అడుగుతాడు. తల్లి తెలుగులో చెబుతుంది. మధ్యలో అనువాదం చేసేది ఎవరు? రోగి. తల్లి అంటుంది, "రాత్రిళ్లు దేవుడి మూల కూర్చుని ఏడుస్తాడయ్యా, పిలిస్తే పలకడు, బెంగెట్టేసుకున్నాడు." పిల్లవాడు ఒడియాలో చెబుతాడు, "నిద్ర సరిగా పట్టదట." డాక్టరు ఏదో జాగ్రత్త చెబుతాడు. పిల్లవాడు తెలుగులో చెబుతాడు, "ఏం ఫరవాలేదన్నారు." వాణ్ణి తప్పుపట్టలేం. తన కన్నీళ్లను తానే నాలుగో మనిషి గురించి చెప్పినట్టు పరభాషలో వినిపించమంటే ఎవరు వినిపించగలరు? పైగా "బెంగ" అన్న మాటకు ఒడియాలో ఏం చెప్పాలి? దుఃఖమంటే ఎవరో పోయినట్టుంటుంది. చింత అంటే రేపటి పరీక్ష గురించి అన్నట్టుంటుంది. పెద్దవాళ్లమైన మేమే తడబడే చోట పిల్లవాడు ఏం చేస్తాడు?

సరే, పిల్లవాడు వద్దని బంధువును తీసుకువెళ్తే? అప్పుడు భాష దొరుకుతుంది, గుట్టు పోతుంది. నాలాంటివాళ్లు వెళ్తే? అదీ పూర్తి జవాబు కాదు. బజారులో ఎదురైనవాళ్లు "మొన్న ఫలానావారితో మెడికల్‌కు వెళ్లారట, ఏమిటి సంగతి?" అని అడుగుతారు. అడిగేవాళ్లు చెడ్డవాళ్లు కారు. మన మనిషి కదా అన్న చొరవతోనే అడుగుతారు. ఆ చొరవకు అడ్డుకట్ట వెయ్యడం నేర్చుకోవలసింది ఒక్క అనువాదకుడు కాదు, ఊరంతా.

రోగికీ, ప్రతినిధికీ జబ్బు గురించి, చికిత్స గురించి వాళ్లకు అర్థమయ్యే భాషలో చెప్పాలని పైన చెప్పిన చట్టంలోనే ఉంది. భాషా హక్కు అనగానే మనం బళ్లూ, పాఠ్యపుస్తకాలూ, బోర్డులూ అనుకుంటాం. అవి కావాలి. కాని ఒక తల్లి తన బిడ్డ జబ్బును తన భాషలో వినగలగడం వాటికి తక్కువ హక్కు కాదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలిమానస్‌కు 14416 నంబరు మీద ఫోను చేస్తే తెలుగులో కూడా మాట్లాడవచ్చు. మొదటి మాటకు అది ఆసరా. ఎదురెదురుగా కూర్చునే వైద్యానికి మాత్రం మనిషి కావాలి. మన సంఘాలు ఏటా ఉగాదికి కవి సమ్మేళనం పెడతాయి, మంచిదే. నలుగురైదుగురు యువకుల్ని, యువతుల్ని ఎంచి, ఆసుపత్రి అనువాదానికి తర్ఫీదు ఇప్పిస్తే అది కూడా భాషాసేవే. వాళ్లకు నేర్పవలసిన మొదటి పాఠం ఒడియా కాదు, తెలుగు కాదు. విన్నదాన్ని విన్నట్టు చెప్పడం, చెప్పాక మరచిపోవడం.

ఒకరు నన్ను అడిగారు, "ఇంతా చేసి పిల్లవాడు తల్లికి ఎప్పటికీ చెప్పకపోతే?" అని. ఆ భయం నిజమైనదే. కాని నేను గమనించినంతలో, గుచ్చి గుచ్చి అడిగిన ఇళ్లలో పిల్లలు అబద్ధం నేర్చుకున్నారు. అడగకుండా పక్కన కూర్చున్న ఇళ్లలో, అందరూ కాకపోయినా, కొందరు తమంతట తామే చెప్పారు. ఒక్కోసారి నెలల తర్వాత, దీపం ఆర్పాక, చీకట్లో. అడిగి రాబట్టిన మాట, నమ్మి చెప్పిన మాట ఒకటి కాదు. మొదటిదాన్ని ఏం చెయ్యాలో తల్లికి తెలియదు. రెండోది ఏం చెయ్యాలో తనే చెబుతుంది.

ఆ చట్టంలోనే మరో మాట ఉంది. మన ఇళ్లలో ఎవరూ దాని గురించి మాట్లాడుకోగా నేను వినలేదు. పద్దెనిమిది నిండిన ప్రతి ఒక్కరికీ తన ప్రతినిధిని తానే ఎంచుకునే హక్కు ఉంది. తెల్ల కాగితం మీద ఒక పేరు రాసి, తాను సంతకం పెట్టి, ఆ పేరుగలవారి చేత ఒప్పుకోలు సంతకం పెట్టిస్తే చాలు. అంతవరకూ తల్లికి చట్టం ఇచ్చిన చోటు అది. ఆ రోజునుంచి బిడ్డ ఇవ్వవలసిన చోటు. ఆ కాగితం మీద వాడు ఎవరి పేరు రాస్తాడన్నది ఆ రోజున తేలేది కాదు. పదిహేనో ఏట, పదహారో ఏట, ఔట్‌డోర్ నుంచి ఇంటికి వచ్చే ఆటోలో మనం ఏం అడిగామో, ఏం అడగకుండా ఊరుకున్నామో, దాన్నిబట్టి తేలుతుంది.